నాలుగో నిమ్మకాయ

ఫార్మింగ్టన్ హిల్స్,
కార్తీక మాసం, ఆదివారం పొద్దున్న.

మా అక్కయ్యకి,

నీ చెల్లెలు సుభద్ర నీ పాదాలంటి రాసేది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆ నూనె రాస్తున్నావా, లేక అలమరలో పెట్టి తాళం వేశావా? బావగారు బీపీ మాత్రలు మింగకుండా కంచం కింద దాచేస్తున్నారని మొన్న నువ్వు చెప్తే నవ్వొచ్చింది. నవ్వే సంగతి కాదనుకో, దగ్గరుండి మింగించు. మీ ఇంటి ముందు కాలవ నిండుగా పారుతోందా? కార్తీక దీపాలు వదిలేటప్పుడు మా ఇద్దరి పేరునా ఒకటి వదులు.

‘ఇక్కడ మేం క్షేమం’ అని రాయబోయి కలం ఆపాను. తింటున్నాం, తిరుగుతున్నాం, ప్రాణాలతో ఉన్నాం. కాబట్టి క్షేమమనే అనుకో. నువ్వు కంగారు పడకు. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకా చాలాసార్లు రాస్తాను, రాసినప్పుడల్లా నమ్ము.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేమిటే అంటావు. ఫోన్లో ఎలా చెప్పను? నువ్వు స్పీకర్ పెడతావు. నీ కోడలూ, పనమ్మాయీ, అప్పుడే వచ్చిన పాలవాడూ అందరూ చుట్టూ చేరి వింటారు. ఇక్కడేమో ఈయన పొద్దస్తమానం ఇంట్లోనే, పక్కగదిలోనే. ఆ చెవులు మామూలు చెవులు కావు, నేను డబ్బా మూత తీస్తే ఏ డబ్బానో చెప్తారు. కళ్ళలో తగ్గినదంతా చెవుల్లోకి వచ్చింది. అదీ అసలు సంగతి అక్కా. నీ మరిదికి కళ్ళు పోతున్నాయి.

కూర్చున్నావా? కూర్చుని చదువు. డాక్టరమ్మ గ్లకోమా అంది. మన వైపు నీటికాసులంటారే, అదే. నొప్పి లేదు, ఎరుపు లేదు, అందుకే ఇన్నాళ్ళూ తెలియలేదు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పేపరు చదువుతారు, కూరలో వెంట్రుక ఉంటే ఠక్కున పట్టుకుంటారు. పక్కలే పోయాయి. జట్కా గుర్రానికి కళ్ళకి రెండు వైపులా తోలుముక్కలు కట్టేవారు గుర్తుందా? ఈయన చూపు ఇప్పుడంతే. పోయింది తిరిగి రాదట, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి రోజూ చుక్కలు వేస్తున్నాను. మెల్లిగా ఆ ఎదురు చూపు కూడా సన్నబడొచ్చట.

ఇక కారు నడపకూడదని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. ఆ మాటకి ఈయన పాలిపోయిన తీరు నేను చెప్పలేను. ఈ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. పాలకి కారు, గుడికి కారు, కరివేపాకు రెబ్బకి కారు. వీధి చివర నిలబడితే ఆటో వస్తుందా, బస్సు వస్తుందా? పైగా ఈయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేసిందల్లా కార్ల బ్రేకులు పరీక్షించడమే. మంచులో, వానలో, జారే రోడ్డు మీద కారుని ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపే మనిషి. నాకూ లైసెన్సు ఉంది గానీ దాన్ని ఫొటో చూపించడానికే వాడుకుంటున్నాను. నేర్చుకున్న కొత్తలో హైవే మీద ఓ లారీ పక్కనుంచి రాసుకుంటూ పోయింది. ఇటు పక్కన ఈయనేమో ‘బ్రేక్! బ్రేక్! ఎక్కడ చూస్తున్నావే?’ అని ఒకటే కేకలు. ఆ రోజు ఇంటికొచ్చి తాళంచెవి బల్ల మీద పడేసి, ‘మీ బండీ వద్దు, మీ బ్రేకులూ వద్దు’ అన్నాను. మళ్ళీ ముట్టుకోలేదు.

డాక్టరు వద్దన్నాక మానేశారా? అబ్బే! ‘దగ్గరే కదా, కొట్టుదాకానే కదా’ అంటూ తీసేవారు. ఒకరోజు పక్కింటివాళ్ళ ఉత్తరాల డబ్బాని గుద్దేశారు. పోనీ అది రేకుడబ్బా. వేసవిలో ఒకరోజు మా వీధి మలుపు దగ్గర పక్కసందులోంచి ఓ చిన్నపిల్ల సైకిల్ మీద వచ్చింది. నేను ‘ఏవండీ!’ అని అరిచిన అరుపుకి బ్రేకు పడింది. ఆ పిల్ల గులాబీరంగు హెల్మెట్ పెట్టుకుని, వెనక్కి కూడా చూడకుండా, ఏదో పాడుకుంటూ వెళ్ళిపోయింది. ఈయన ‘చూశానే, ముందే చూశాను’ అన్నారు. చూడలేదక్కా. 

ఆ రోజు నుంచీ నా దిగులు ఒక్కటే. ఎవరి కన్నబిడ్డకో ఏదో అవకముందే ఆ తాళంచెవి ఈయన చేతిలోంచి రావాలి. లాక్కోవచ్చు, ఎంతసేపు? కానీ లాక్కుంటే మనిషి దక్కరని నా భయం.

స్నిగ్ధ జెర్సీ సిటీ నుంచి శెలవు పెట్టి మరీ వచ్చి తండ్రితో పోట్లాడింది. దాని తెలుగు నీకు తెలుసుగా.

“డాడీ, గివ్ మీ ద కీస్. నువ్వు ఎవరినైనా హిట్ చేస్తే? అప్పుడు ఏం చేస్తావు?”

“బ్రేకులు పరీక్షించినవాణ్ణి. నాకు చెప్తావా నువ్వు?”

“బ్రేక్ ఉంది డాడీ. బట్ అది నొక్కాలంటే నీకు కనిపించాలి కదా!”

ఆ పూట ఈయన అన్నం ముట్టలేదు. అదీ ముట్టలేదు. ఇద్దరికీ మధ్యలో నేను పెరుగు గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు అదే తండ్రి పక్కన కూర్చుని ఫోన్లో ఏవో బొమ్మలు చూపించింది. ఫ్రాన్సులో పాత కాలవల మీద పడవలు అద్దెకిస్తారట. సరంగు ఉండడు, మనమే నడుపుకోవాలి. అందులోనే వంట, అందులోనే పడక. “లైసెన్స్ అక్కర్లేదు డాడీ. మనిషి నడిచే అంత స్లో. నేను కాల్ చేసి నీ కళ్ళ గురించి చెప్పాను. పక్కన ఇంకొకళ్ళు చూస్తే ఓకే అన్నారు.” ఈయన ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూశారు. తరవాత నా వైపు తిరిగి, “ఒక్కసారి ఆ పడవని నా చేత్తో నడపనియ్యి. తిరిగొచ్చాక కారు తాళంచెవి నీ చేతిలో పెడతాను, ఒట్టు” అన్నారు. నేను ఆ ఒట్టు కోసమే బయల్దేరానక్కా, ఫ్రాన్సు చూడ్డానికి కాదు.

నీకు ఫొటోలు పంపినప్పుడు ‘మీకేమే, విదేశాలు తిరుగుతున్నారు’ అన్నావు. దూరపు కొండలు నునుపు. ఇప్పుడు చెప్తున్నాను విను.

పడవ పొడుగ్గా, తెల్లగా ఉంది. లోపల రెండు చిన్నగదులు, గ్యాసుపొయ్యి, కూర్చుంటే మోకాళ్ళు తలుపుకి తగిలే స్నానాలగది. వెనకవైపు పైన స్టీరింగు. పడవలవాళ్ళ మనిషి ఒకాయన ఓ అరగంట వెంట ఉండి ఇది తిప్పితే ఇటు, అది లాగితే అటు అని చూపించి, చెయ్యూపి దిగిపోయాడు. ఇంతోటి పడవని మా చేతుల్లో పెట్టి! 

కొత్త బండి కదిలేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించందే మనవాళ్ళకి నడవదు కదా. ఈయన ఆ ఊరి సంతలో నాలుగు నిమ్మకాయలు కొన్నారు. తీరా చూస్తే పడవకి చక్రాలేవీ? “నీళ్ళలో వదిలేయండి” అన్నాను. “తొక్కకపోతే దిష్టి ఎలా పోతుందే?” అని వాదన. స్నిగ్ధ పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి ముందువైపు నీళ్ళలో నాలుగూ వదిలి, వాటి మీదుగా పడవని పోనిద్దామన్నారు. పోనిచ్చారు. మూడు పడవ కిందకి వెళ్ళాయి. నాలుగోది పక్కకి తప్పుకుని, గట్టు వెంట తేలుతూ పోయింది. “నాలుగూ తొక్కామా?” అని వెనకనుంచి కేకేశారు. “తొక్కాం” అన్నాను. శుభమా అని బయల్దేరుతుంటే ఏమనను?

అక్కడా లాకులే అక్కా! అచ్చం మన ఊరి లాకులే. పడవ లోపలికి వెళ్ళగానే వెనక తలుపులు మూస్తారు, నీళ్ళు వదిలేస్తారు, పడవ బావిలోకి దిగినట్టు దిగుతుంది, అప్పుడు ముందు తలుపులు తెరుస్తారు. చిన్నప్పుడు మనం లాకు గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే నాన్న వెనకనుంచి జడలు పట్టుకుని లాక్కొచ్చేవారు. ధాన్యం పడవలవాళ్ళు మనల్ని చూసి వెక్కిరించేవారు. ఆ పడవల్లో ఒక్కసారైనా ఎక్కలేదని నువ్వు ఏడ్చేదానివి. నిన్ను తలుచుకున్నాను, నిజంగా.

మొదటి రోజులు బాగానే గడిచాయి. అసలు కాలవంటే ఏముంది? తిన్నగా పోవడమే కదా. ఎదురు చూపు మాత్రమే మిగిలిన మనిషికి అంతకన్నా మంచి దారి దొరకదు. ఈయన నెత్తిన టోపీ పెట్టుకుని, పళ్ళు బయటపెట్టి, ఎన్నాళ్ళకో పెళ్ళినాటి మనిషిలా కనిపించారు. నేను ముందు నిలబడి ‘ఎడమ, ఎడమ, చాలు, ఇక తిన్నగా’ అని అరవడం, ఈయన ‘సరే, సరే’ అని తిప్పడం. గట్టు మీద కుక్కతో నడుస్తున్న ముసలావిడ మమ్మల్ని దాటుకుని పోయి, వెనక్కి తిరిగి చెయ్యూపింది. తిండికి నేను వండిన అన్నం, పప్పు, నువ్వు పంపిన ఆవకాయ. ఆ దేశపు రొట్టెలో కూడా ఆవకాయ పెట్టుకుని తిన్నారు తండ్రీకూతుళ్ళు.

కానీ మధ్యాహ్నాలు ముసురు పట్టేది. గట్లకి రెండు వైపులా పాతకాలపు పెద్ద చెట్లు, వాటికేదో తెగులట, నరికేస్తున్నారు. మైళ్ళ తరబడి మోళ్ళే. “పక్కన చెట్లున్నాయా?” అని అడిగేవారు. “ఉన్నాయండీ” అనేదాన్ని. “నీడ తెలియడం లేదేమిటే?” అనేవారు. మబ్బుగా ఉందిగా అనేదాన్ని. నాకు దుఃఖం వచ్చేది. ఎవరూ లేని ఆ కాలవ మీద, ఆ ఇంజను గుడగుడలో, ఇంకెన్నాళ్ళు ఇలా ఉన్నవీ లేనివీ నేను చెప్తూ ఉండాలో అనిపించేది.

ఇప్పుడు నీ ముడి సంగతికి వస్తాను. నవ్వకు. నువ్వు పచ్చళ్ళ అట్టపెట్టె మీద మోకాలు ఆన్చి, నైలాన్ తాడు తడిపి, రెండు మెలికలు తిప్పి వేసే ముడి ఉందే, ఏ విమానాశ్రయంలోనూ ఎవరూ విప్పలేక కోసుకున్న ముడి, అది నీ దగ్గరే నేర్చుకున్నాను కదా. నా చేతికి వచ్చిన ముడి అదొక్కటే. లాకులోకి దిగేటప్పుడు పడవ తాడుని గట్టు మీది మొద్దుకి ఊరికే ఓ చుట్టు తిప్పి, కొస చేత్తో పట్టుకుని, నీళ్ళు తగ్గేకొద్దీ వదులుతూ పోవాలి. కట్టకూడదు. ఆ పని రోజూ స్నిగ్ధ చేసేది. ఒకరోజు అది రొట్టెలూ ఉల్లిపాయలూ తెస్తానని పడవతోపాటు ఇచ్చిన సైకిలెక్కి ముందు ఊరికి వెళ్ళింది. ముందు తాడూ వెనక తాడూ రెండూ నా మీద పడ్డాయి. చేతులు రెండే కదా! వెనకది పట్టుకుందాం, ముందుది కట్టేస్తే పోలా అనుకున్నాను. నీళ్ళలో పడవ కదులుతుంటే నాకసలే భయం. తాడు తడిపి మరీ బిగించాను.

లాకు చూసే ఆవిడ అవతలి చివర నీళ్ళు వదిలింది. పడవ వెనకభాగం దిగింది. ముందుభాగం దిగలేదు. దిగడం లేదేమిటా అనుకునేలోపే పడవ ముక్కు పైకి లేచి, లోపల గిన్నెలన్నీ దడదడా జారిపోయాయి. తాడు కరకరమని మూలిగింది. నేను వెనకనుంచి ముందుకి పాకుతూ “ఏవండీ! తాడు! తాడు!” అని అరిచాను. ఈయన ఎదురుగా తలుపులనే చూస్తూ “తలుపులు ఇంకా తీయలేదే, ఎందుకంత కంగారు?” అంటున్నారు. పక్కన తాడు బిగుసుకుని పడవని వేలాడదీసిందని కనిపించడం లేదు!

“ఓరి నాయనో, తాడు కోయండి!” అని ఏడుపుగొంతుతో అరిచాక అర్థమైంది. వంటగదిలోంచి కూరలు తరిగే కత్తి తీసుకుని, రేలింగు పట్టుకుంటూ ముందుకి వచ్చారు. వచ్చి, కత్తి ఎత్తి, రెండోచేత్తో తాడుని వెతికారు. తాడు జానెడు దూరంలో ఉంది. ఆ చెయ్యి గాలిలో ఇటు తడుముతోంది, అటు తడుముతోంది. అంత లావు తాడు. అది ఆయన చెయ్యి పక్కనుంచే బిగుసుకుని పైకి పోతోంది, ఈయనకి దొరకడం లేదు.

డాక్టరమ్మ కాగితం మీద నల్లటి చుక్కలు చూపించి ఇంతమేర చూపు లేదని చెప్పినప్పుడు కూడా నాకింత తెలియలేదు. అప్పుడు తెలిసింది.

కత్తి నేను లాక్కుని కోశాను. పడవ దభేలున నీళ్ళలో పడింది. ఈయన వెల్లకిలా పడ్డారు. మోచెయ్యి చీరుకుపోయింది, నా మణికట్టు బెణికింది. కంగారు పడకు, రెండూ మానిపోయాయి. లాకావిడ పరుగెత్తుకొచ్చి నీళ్ళు ఆపి, ఏదేదో తిట్టి, మా మొహాలు చూసి తిట్టడం ఆపి, మంచినీళ్ళు ఇచ్చింది. లోపల నీ ఆవకాయ జాడీ పగిలి, పరుపుల దాకా ఎర్రగా నూనె. ఆ నిమ్మకాయ తప్పుకున్నందుకే ఇలా అయిందని నాకనిపించింది. తెలివితక్కువదాన్నే అనుకో, కానీ అనిపించింది.

గట్టు మీద గడ్డిలో కూలబడ్డాం. స్నిగ్ధ ఇంకా రాలేదు. సన్నగా తుంపర. ఈయన మోచేతికి నా చున్నీ కడుతుంటే మెల్లిగా అన్నారు: “తాడు నాకు కనబడలేదు సుభద్రా.”

ఇన్నాళ్ళలో కనబడలేదన్న మాట ఈయన నోట రావడం అదే మొదలు.  “ముడి వేసింది నేనండీ, తప్పు నాది” అన్నాను. “ముడి గురించి కాదే” అన్నారు.

ఆ తరవాత ఈయన స్టీరింగు ముట్టుకోలేదు. స్నిగ్ధ తాళ్ళు చూసుకుంది. మిగిలిన దారంతా నేను నడిపాను. నేను! లారీకి భయపడి కారు దిగినదాన్ని, అంత పడవని. ఈయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్క కేక వేయలేదు. ‘పడవ ముక్కుని చూడకు, దూరంగా ఎటు వెళ్ళాలో అటు చూడు’ అన్నారు, అంతే. కేకలేస్తేనే బాగుండుననిపించింది.

తిరిగొచ్చాం. ఒట్టు గుర్తుందా? తాళంచెవి నా చేతికి రాలేదు. నేను అడగలేదు. వంటింటి గోడకి మేకుంది, దానికే వేలాడుతోంది. ఈయన రోజూ కాఫీ తాగుతూ దానివైపు చూస్తారు. అది మటుకు బాగానే కనిపిస్తుంది, ఎదురుగా ఉంటుంది కదా. ఒక్కోరోజు తీసి జేబులో వేసుకుని, గరాజులోకి వెళ్ళి, కారు తుడిచి, మళ్ళీ తెచ్చి తగిలిస్తారు. వెళ్ళినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపి, ఇంజను చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించి నిలబడతాను. ఆ గులాబీరంగు హెల్మెట్ కళ్ళ ముందు ఆడుతుంది.

సరుకులు ఇంటికే తెప్పించుకుంటున్నాం. తెచ్చేవాళ్ళకి తోటకూరకీ పాలకూరకీ తేడా తెలియదు. గుడికి వెళ్ళి చాలా కాలమైంది. ఎవరైనా అడిగితే నడుంనొప్పి అని చెప్పమన్నారు. ఉద్యోగం నుంచి ముందుగానే విరమించుకున్నారని నీకు చెప్పాను చూడు, అదీ ఇందుకే. ఇక్కడ ఆకులన్నీ రాలిపోయాయి, మధ్యాహ్నానికే చీకటి కమ్ముతోంది, మొన్న కొంచెం మంచు పడింది. ఇంట్లో ఇద్దరం ఉండి కూడా మాటలు లేవు. ఒంటరితనమంటే ఎవరూ లేకపోవడమనుకునేదాన్ని. కాదక్కా.

కంగారు పడకు. ఇలా రాసుకుంటే నాకు కాస్త తేలికవుతుంది, అంతే. నువ్వు మామిడాడ వెళ్ళినప్పుడు సూర్యనారాయణస్వామికి ఈయన పేరున ఒక అర్చన చేయించు. కళ్ళు బాగుపడాలని మొక్కుకోవద్దు, ఆ ఆశ లేదు. ఉన్నది ఉండాలని మొక్కుకో. ఈ సంగతి మాత్రం బావగారికి తప్ప ఎవరికీ చెప్పకు. ఈయనకి తెలిస్తే తల కొట్టేసినట్టవుతుంది.

ఉండు, వంటవేళయింది. నిమ్మకాయ పులిహోర చేద్దామనుకున్నాను. మళ్ళీ వచ్చి రాస్తాను.

సాయంత్రమైంది అక్కా. పులిహోర చేయలేదు. ఎందుకో చెప్తాను.

ఫ్రిజ్ తీస్తే నిన్న సరుకుల్లో వచ్చిన నాలుగు నిమ్మకాయలూ లేవు. ఏమైపోయాయి, నేనే ఎక్కడో పెట్టానా అని వెతుకుతుంటే గరాజు తలుపు లేచిన చప్పుడైంది. గోడవైపు చూశాను. మేకుకి తాళంచెవి లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆదివారం, పిల్లలందరూ వీధిలో మంచులో ఆడుకుంటున్నారు. పొయ్యి కూడా ఆర్పకుండా, ఉత్త కాళ్ళతో గరాజులోకి పరుగెత్తాను. “ఏవండీ, వద్దు! మీకు దణ్ణం పెడతాను, వద్దు!” అని అరుస్తూనే వెళ్ళాను.

కారులో కూర్చుని ఉన్నారు. కానీ స్టీరింగు ముందు కాదు. ఇక్కడ నడిపేవాళ్ళది ఎడమవైపు సీటు. ఈయన కుడివైపు సీట్లో, బెల్టు పెట్టుకుని, ఎదురుగా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఎడమవైపు తలుపు తెరిచి ఉంది. పాంటుకి మోకాళ్ళ దగ్గర మట్టి.

“చెప్పులేసుకుని రా” అన్నారు. “ఆ పొయ్యి కూడా ఆర్పేసి రా.”

వెళ్ళి, ఆర్పేసి, వచ్చాను. అప్పుడు చూశాను. కారు వెనక్కి తీయాలి కదా, చక్రాల వెనకాల నిమ్మకాయలు పెట్టారు. మోకాళ్ళ మీద పాకుతూ, తడుముకుంటూ పెట్టి ఉంటారు.

“పాత కారే కదండీ, నిమ్మకాయలెందుకు?” అన్నాను. 

“కారు పాతదేనే. నడిపేది కొత్త మనిషి కదా” అని, చెయ్యి చాపి తాళంచెవి నా అరచేతిలో పెట్టారు. పెట్టి, నా వేళ్ళు మూశారు. “నాలుగూ సరిగ్గా పెట్టానో లేదో చూడు.”

చుట్టూ తిరిగి చూశాను. మూడు సరిగ్గానే ఉన్నాయి. నాలుగోది చక్రం వెనకాల లేదు. జానెడు పక్కన, నేల మీద ఉత్తినే ఉంది. కాలితో మెల్లిగా చక్రం కిందకి నెట్టాను. “సరిగ్గానే ఉన్నాయండీ” అని వచ్చి కూర్చున్నాను.

వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాం. అంతే. ఆ పిల్ల వచ్చిన మలుపు దగ్గర పూర్తిగా ఆపి, అటూ ఇటూ చూసి, మళ్ళీ చూసి తిప్పాను. ఈయన కుడికాలు అక్కడ లేని బ్రేకుని నొక్కుతూనే ఉంది, నోరు మాత్రం మెదపలేదు. తిరిగొచ్చేటప్పుడు, “వదినగారికి పొద్దుటినుంచీ రాస్తున్నావుగా, కలం చప్పుడు వినిపిస్తోంది. నా కళ్ళ సంగతి కూడా రాయి. నడుంనొప్పని రాయకు” అన్నారు. ఆ మాట అంటూ ఏడ్చారేమో నాకు తెలియదు. నేను రోడ్డు చూడాలి కదా.

కాబట్టి, పైన ఎవరికీ చెప్పొద్దని రాసింది కొట్టేసినట్టే అనుకో. చెప్పు. స్పీకర్ పెట్టి మరీ చెప్పు. ఈసారి ఆవకాయ పంపేటప్పుడు పెట్టెకి నీ ముడే వేయి, కానీ జాడీ చుట్టూ పాతచీర బాగా చుట్టు. బావగారికి మా నమస్కారాలు, నీ కోడలికి దీవెనలు. ఈ జబ్బు పిల్లలకీ రావచ్చట, స్నిగ్ధ కూడా ఏటా కళ్ళు చూపించుకోవాలట, దాన్ని కూడా నీ పూజలో తలుచుకో. పెద్దదానివి, మా ఇద్దరి నెత్తినా అక్కడినుంచే నాలుగు అక్షింతలు వేయి.

ఇంకొక్కటి. గరాజులోంచి కారు వెనక్కి తీస్తుంటే టపటపా చప్పుడైంది. ఈయన చెవులు ఎంత గట్టివైనా, నా నోటినుంచి వినాలనుకున్నారు కాబోలు.

“నాలుగూ నలిగాయా?” అని అడిగారు.

“నాలుగూ నలిగాయండీ” అన్నాను. ఈసారి అబద్ధం కాదక్కా.

నీ చెల్లెలు,
సుభద్ర